అరచేతిలో ఇమిడే తకరారు

పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండువాళ్ల వెనక వరసలో, మనిషిని కొండచిలువలా చుట్టుకుని తల మీద పెద్ద పువ్వులా విచ్చుకున్న ఇత్తడి వాద్యాన్ని చాలామంది చూసే ఉంటారు. దాని పేరు సూసాఫోన్. అమెరికా బ్యాండు సంగీతంలో మహారాజులా వెలిగిన జాన్ ఫిలిప్ సూసా పేరు మీద వచ్చింది. దానికి పెద్దన్న ట్యూబా. 1835లో బెర్లిన్‌లో పేటెంటు పొందింది. స్కూలు బ్యాండుల్లో కనిపించే పెద్ద ట్యూబా గొట్టాన్ని సాగదీస్తే సుమారు 18 అడుగులుంటుంది. అంత గొట్టమూ పలికేది మాత్రం అరచేతిలో ఇమిడే మౌత్‌పీస్ దయవల్లే. దానికి పెదవులు ఆన్చి తుమ్మెదలా అదిరిస్తే, ఆ చిన్న అదురే అవతల గంభీరమైన నాదమై బయటికొస్తుంది.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో స్థిరపడ్డ ఓ తెలుగు కుటుంబాన్ని కొన్నేళ్ల కిందట ఆ చిన్న ముక్కే మూడు నెలలపాటు తిప్పలు పెట్టింది.

తండ్రిది తణుకు. మెకానికల్ ఇంజినీరు. కూతురికి వయొలిన్ నేర్పించాలని ఆయన ముచ్చట. ఆ పిల్లేమో ఆరో తరగతిలో స్కూలు బ్యాండులో చేరి, ఎవరూ ముట్టని ట్యూబాని ఏరికోరి ఎంచుకుంది. 'ఆ బూర' అనేవాడాయన. కాన్సర్టులకి వెళ్లేవాడు, వెనక సీట్లో ఫోను చూసుకుంటూ కూర్చునేవాడు. ఇంటికొచ్చాక 'బావుందమ్మా' అనేవాడు. అది ఏ మాత్రం విని అన్నమాటో పిల్లలకి తెలియదనుకోవడం పెద్దల అమాయకత్వం.

స్కూల్లో బ్యాండు నేర్పే మాస్టారు రిటైరవుతూ తను వాడిన మౌత్‌పీస్‌ని ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. అది పాతకాలపు కాన్ కంపెనీ హెల్లెబర్గ్. సూసా బ్యాండులో ట్యూబా వాయించిన ఆగస్ట్ హెల్లెబర్గ్ పేరు మీద వచ్చిన నమూనా అది. 1944 నుంచి 1988 దాకా షికాగో సింఫనీలో ట్యూబా వాయించిన ఆర్నాల్డ్ జాకబ్స్‌కీ ఈ నమూనా అంటే ఇష్టం. రెండేళ్లు దాంతోనే వాయించింది పిల్ల. తర్వాత మొదలైంది అసలు గొడవ. అంచు మీద వెండి పూత అరిగి లోపలి ఇత్తడి పసుప్పచ్చగా బయటపడింది. మూతి చుట్టూ ఎర్రగా దద్దుర్లు. ఇత్తడి పడటం లేదు, ఇక దాన్ని పెదవులకి తగలనివ్వొద్దన్నారు డాక్టరు. అప్పటికి నవంబరు. ఫిబ్రవరిలో సోలో పోటీ!

'కొత్తది కొంటే పోలా? దీనికింత ఏడుపెందుకు?' అంటూ ఆయన వెర్నియర్ కాలిపర్స్ తీశాడు. కప్పు లోపలి వ్యాసం 32.5 మిల్లీమీటర్లు. బాక్ కంపెనీవారి 18 నంబరు రకానికి 32.6. అమెరికన్ స్కూళ్లలో మామూలుగా కనిపించే రకమే. (బాక్‌వారి లెక్కలో నంబరు పెరిగేకొద్దీ కప్పు చిన్నదవుతుంది. ఎందుకలా అని అడక్కూడదు.) మిల్లీమీటరులో పదో వంతు తేడా అంటే తలవెంట్రుక మందం. ఇంకేం, ఆర్డరిచ్చేశాడు.

రెండు నిమిషాలు వాయించి పక్కన పెట్టేసింది పిల్ల.

'ఇది నా గొంతులా లేదు నాన్నా.'

'కొలత ఒకటే కదా తల్లీ!'

'కొలత ఒకటే. గొంతు వేరు.'

ఆయనకి కోపమొచ్చింది. ఆ రాత్రి రెంటినీ బల్ల దీపం కింద పెట్టి చూస్తేగానీ సంగతి బోధపడలేదు. కొత్తదాని లోపల గుండ్రంగా గిన్నెలా ఉంది. పాతది గరాటులా వాలుగా దిగిపోయింది. మూతి వెడల్పు ఒకటే, కడుపు వేరు. గిన్నెలాంటి కప్పులో స్వరం మొదలు ఖణీమని తెలుస్తుంది. గరాటులో అంచుల్లేకుండా నిండుగా, మెత్తగా వస్తుంది. ఇక అడుగున ఉండే సన్నటి రంధ్రం, దాని వెనక మళ్లీ వెడల్పయ్యే దారి... ఇవేవీ ఆయన కొలవనే లేదు. కింది కాడ ట్యూబాలోకి ఎంత లోతు దిగుతుందన్నదీ లెక్కలోకి వస్తుంది. కాడకి కాయితం ముక్క చుట్టి కాస్త పైకి నిలబెట్టి చూడటం ట్యూబావాళ్లకి తెలిసిన పాత చిట్కా.

ఆ చిట్కా ఆయనే చేసి పెట్టాడు. కానీ తేడా తెలియాలంటే వినాలి కదా! గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పాతదాని అంచుకి పల్చటి ప్లాస్టిక్ టేపు చుట్టి, ఏది ఎప్పుడన్నది చెప్పకుండా, అదే స్కేలుని మార్చి మార్చి వాయించింది పిల్ల. మొదటి రోజు పదిసార్లలో సగం తప్పు చెప్పాడు. ఊరికే ఊహించినా అన్ని ఒప్పవుతాయి. మూడో రోజు సాయంత్రం పదికి తొమ్మిది సరిగ్గా చెప్పాడు. ఆ పిల్ల నవ్వడం ఆయన వీపుకే వినిపించింది.

తర్వాత వెతుకులాట తీరు మారింది. పాతదానికే మళ్లీ వెండి పూత వేయిద్దామా అంటే, పూతకి ముందు పాలిష్ పట్టాలి. అప్పుడు అంచు నుంచి కాస్త లోహం పోతుంది, పెదవికి అలవాటైన ఆ వంపే మారిపోవచ్చు. పాలీకార్బొనేట్‌తో చేసిన కెల్లీ మౌత్‌పీసులున్నాయి. రంగురంగుల్లో దొరుకుతాయి, చలిలో పెదవికి చురుక్కుమనవు. వాటిలో హెల్లెబర్గ్ పోలికదీ ఉంది. హెల్లెబర్గ్ కూడా 120ఎస్ పేరుతో ఇప్పటికీ తయారవుతోంది. అయితే పాతదానికీ దానికీ అచ్చుగుద్దినట్టు ఉండదు. దశాబ్దాల మీద పనిముట్లు మారతాయి, చేతులు మారతాయి. అందుకే పాతవాటిని వాయిద్యకారులు బంగారంలా దాచుకుంటారు.

కాన్ కంపెనీ పుట్టిన ఎల్‌ఖార్ట్ పట్టణం ఆ రాష్ట్రంలోనిదే. దాని వ్యవస్థాపకుడు ఛార్లెస్ కాన్ ఎవరితోనో కొట్లాటలో పెదవి చిట్లి, కార్నెట్ వాయించలేక, రబ్బరు అంచున్న మౌత్‌పీస్ తయారుచేసుకున్నాడని చెబుతారు. 1875లో దానికి పేటెంటొచ్చింది. అంత పెద్ద కంపెనీకి పునాది ఒక దెబ్బతిన్న పెదవి! ఈ కథ విన్నాక దద్దుర్ల పిల్లకి కాస్త ధైర్యం వచ్చింది.

రెండూ తెప్పించారు. గోడవైపు తిరిగిన పరీక్ష మళ్లీ పెట్టారు. కెల్లీది మైదానంలో కవాతుకి, కొత్త హెల్లెబర్గ్ పోటీకి అని తేల్చుకున్నారు. కొత్త చెప్పుల్లా మూడు వారాలు కరిచింది. పై స్వరాలు తొందరగానే దారికొచ్చాయి, అడుగు స్వరాలు జనవరి చివరిదాకా మొరాయించాయి.

పోటీ అయ్యాక కారులో ఎవరూ మాట్లాడలేదు కాసేపు. తర్వాత ఆయనే అన్నాడు, 'రెండో భాగంలో ఆ కింది స్వరం కొంచెం తేలిపోయింది కదమ్మా?'

ఆ పిల్ల ఆశ్చర్యంగా చూసి, 'అవును నాన్నా. జడ్జి కూడా అదే రాశారు' అంది.

పాత మౌత్‌పీస్ ఇప్పుడు గరాజ్‌లో ఆయన పనిముట్ల పెట్టెలో ఉంది. ఆయనకి ఇత్తడి పడుతుంది. ఆదివారాలు స-ప-స పలికించాలని చూస్తుంటాడు. 'గేదె ఈనుతోందేమో చూడండి' అంటుంది భార్య వంటింట్లోంచి.