గేరులో దిగిన బండి

కొమరోలులో మెకానిక్ షెడ్డుకు వచ్చేవాళ్ల నోట ముందుగా వినపడే మాట "మైలేజీ రావట్లేదన్నా" అనే. గిద్దలూరు పోవాలన్నా, ఇటు పోరుమామిళ్ల పోవాలన్నా సొంత బండో షేరింగ్ ఆటోనో తప్పని ఊరు. వాన మీద బతికే సేద్యం. లీటరుకు నూట పది దాకా పెట్టే మనిషి చుక్క మిగిల్చుకోవాలని చూడటంలో తప్పేముంది? అలా మిగిల్చుకునే కిటుకుల్లో ఏది పనికొస్తుందో, ఏది ప్రాణం మీదికి తెస్తుందో అడుగుదామని గిద్దలూరు రోడ్డు పక్కనున్న ఓ షెడ్డుకు వెళ్లాను.

ఏడు సీట్ల డీజిల్ ఆటో ఒకటి వెనక చక్రం విప్పి ఉంది. మెకానిక్ బ్రేకు డ్రమ్ము ఊడదీసి నా ముందు పెట్టాడు. లోపల అక్కడక్కడా నీలంగా కమిలింది. షూ మీది లైనరు గరుకంతా పోయి నల్లగా నిగనిగలాడుతోంది. వేలితో రుద్దితే జారిపోయింది.

"పెళ్లివాళ్లను ఎక్కించుకుని నంద్యాల పోయొచ్చాడు సార్. ఘాట్లో న్యూట్రల్ కొట్టి దింపాడు. బరువంతా బ్రేకు మీద పడితే ఇంకేమవుతుంది?" అన్నాడు.

ఘాటంటే ఇక్కడివాళ్లకు గిద్దలూరు దాటి దిగువమెట్ట మీదుగా నల్లమలలోంచి నంద్యాల పోయే దారి. అనంతపురం–గుంటూరు 544డి జాతీయ రహదారిలో ఇదో ముక్క. వాలులో న్యూట్రల్ చేస్తే ఆయిలు మిగులుతుందన్నది డ్రైవర్లలో పాత నమ్మకం. కార్బురేటర్ బండ్ల కాలంలో అందులో కొంత నిజముంది. గేరులో దిగుతున్నా ఇంజన్ కాస్త పెట్రోలు పీల్చేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక బైకులు కూడా దాదాపు అన్నీ ఇంజెక్టర్ బండ్లయ్యాయి. వాటిని గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి, ఇంజెక్టర్ మూసుకుంటుంది, పెట్రోలు పడదు. న్యూట్రల్ చేశామా, ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పడాల్సిందే. పాత డీజిల్ పంపు కూడా గేరులో దిగేటప్పుడు సరఫరా ఆపేస్తుంది. చదును రోడ్డు మీద న్యూట్రల్ బండి ఇంకాస్త దూరం జారుతుంది, కాదనను. బ్రేకు తొక్కక తప్పని వాలులో మాత్రం ఆ లాభం ఉండదు.

కొందరైతే ఏకంగా కీ తిప్పి ఇంజనే ఆపేస్తారు. దాని సంగతి మెకానిక్ నాకు చెప్పలేదు, చూపించాడు. రిపేరుకొచ్చిన కారులో కూర్చోబెట్టి, ఇంజన్ ఆపి, బ్రేకు తొక్కమన్నాడు. మొదటిసారి మెత్తగా దిగింది. రెండోసారి బిగిసింది. మూడోసారి కాలి కింద బండరాయి. బ్రేకు తొక్కడానికి తోడ్పడే బూస్టరులో మిగిలిన వాక్యూమ్ అయిపోయిందన్నమాట. అలాగే తొక్కిపట్టి స్టార్ట్ చేయమన్నాడు. ఇంజన్ అందుకోగానే పెడల్ దానంతటదే కిందికి దిగింది. కీ పూర్తిగా వెనక్కి తిప్పి తీసేస్తే కారు స్టీరింగ్ లాక్ పడే ప్రమాదమూ ఉంది. లారీలో అయితే బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ని ఇంజనే తిప్పాలి. అది ఆగాక తొక్కిన ప్రతిసారీ ట్యాంకులో ఎయిర్ తరిగిపోతుంది.

ఇంతకీ మిగిలేదెంత? న్యూట్రల్‌లో ఆడుతున్న చిన్న కారు ఇంజన్ గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. పది నిమిషాల దిగుడుకు ఇంజన్ ఆపేసినా మిగిలేది తొమ్మిదీ పద్దెనిమిది రూపాయల మధ్య. దానికోసం పిల్లాజెల్లా ఉన్న బండికి బ్రేకు లేకుండా చేయడమా!

లారీ వెనకే అంటుకుని పోతే గాలి అడ్డు తగ్గుతుందని బైకు కుర్రాళ్లు అంటారు. తగ్గుతుంది. కానీ అరవైలో పోయే బండి సెకనుకు పదహారు మీటర్ల పైనే పోతుంది. ముందు లారీ బ్రేకు వేసిందని గ్రహించి మన కాలు పెడల్ మీదికి వెళ్లేసరికే ఆ సెకను అయిపోతుంది. నా మటుకు ఇది కిటుకు కానే కాదు.

షెడ్డు బెంచీ మీద రిటైరైన ఆర్టీసీ డ్రైవరొకాయన ఉన్నాడు. ఆర్టీసీలో లీటరుకు ఎన్ని కిలోమీటర్లొచ్చిందో డ్రైవరు వారీగా లెక్క కడతారు. కేఎంపీఎల్ అంటారు. బాగా తెచ్చినవాళ్లను ఇంధన పొదుపు మాసోత్సవాల్లో సన్మానిస్తారు. "మేమేం మాయలు చేయలేదు నాయనా. స్టాపు దూరాన కనపడగానే యాక్సిలరేటర్ మీది కాలు తీసేసేవాళ్లం. గేరు తీసేవాళ్లం కాదు. క్లచ్ మీద కాలు పెట్టుకుని నడిపేవాళ్లం కాదు" అన్నాడాయన. ముందుచూపుతో, నిలకడగా నడపడమే ఆయన పొదుపు. బ్రేకు అరగదు, ప్రయాణికుడు ముందుకు తూలడు. పెట్రోలియం పొదుపు కోసం 1978లో ఏర్పడిన పీసీఆర్ఏ సంస్థ కూడా 45–55 కిలోమీటర్ల వేగంలో నడపమనీ, టైర్లలో గాలి సరిగ్గా ఉంచమనీ చెబుతోంది. కంపెనీ చెప్పినదాని కన్నా ఎక్కువ గాలి కొట్టిస్తే ఇంకా మైలేజీ వస్తుందనుకోవడం మళ్లీ అదే దోవ. టైరు రోడ్డును పట్టుకునే మేర తగ్గిపోతుంది.

ఇంతలో ఆటో డ్రైవరు వచ్చాడు. ఇరవై ఐదేళ్లుంటాయేమో. న్యూట్రల్ ఎందుకు చేశావురా అని పెద్దాయన గట్టిగానే అడిగాడు.

"డీజిల్ నా జేబులోంచి పోతుంది మామా. లైనర్లు ఓనరన్న వేయిస్తాడు."

అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఖర్చు అలా పంచుకున్నాక, దిగుడు వచ్చిన ప్రతిచోటా చెయ్యి న్యూట్రల్ వైపే పోతుంది. మెకానిక్ కొత్త షూలు బిగిస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు: "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దింపు. ఘాట్ ట్రిప్పుకు డీజిల్ మీరే పోయించండని ఓనరన్నకు నేను చెప్తాలే."