అన్నయ్యగారి ఇంటిపేరు

మనవరాలి బారసాల అడిలైడ్‌లో మా అమ్మాయి ఇంట్లోనే చేశాం. ఉయ్యాల దొరకలేదు. పిల్లని కారులో పడుకోబెట్టే బుట్టకే నా పట్టుచీర చుట్టి, పూలు కట్టి, అదే ఉయ్యాల అనుకున్నాం. మా అల్లుడు పళ్లెంలో పోసిన బియ్యం మీద ఉంగరంతో పిల్ల పేరు రాశాడు. పక్కన ఇంటిపేరు కూడా రాయబోతే చోటు చాలక చివరి అక్షరం అంచు మీదకి పోయింది. అందరం నవ్వాం. మా వియ్యంకుడుగారు నవ్వలేదు. "పోనీలే, ఎలాగూ ఈ పేరు ఈ పిల్లతో సరి" అన్నారు మెల్లిగా.

నిష్ఠూరంగా అనలేదు, లెక్క చెప్పినట్టు చెప్పారు. ఆయనకి అన్నదమ్ములు లేరు. మా అల్లుడు ఒక్కడే కొడుకు. పుట్టింది ఆడపిల్ల. మా అమ్మాయేమో "ఒక్కరు చాలమ్మా" అని ముందే తేల్చేసింది. ఆడపిల్లతో ఇంటిపేరు నిలవదన్న బెంగ మన దగ్గరే ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. అక్కడా ఉందండీ, కాకపోతే పైకి అనరు.

వాళ్ల ఇంటిపేరు ఆంగోవ్. అది ఇంగ్లీషు పేరు కాదు, కార్నిష్ పేరు అంటారాయన పట్టుదలగా. ఇంగ్లండుకి నైరుతి మూల సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొసే కార్న్‌వాల్. వాళ్లకి ఒకప్పుడు సొంత భాష ఉండేది. 1777లో పోయిన డాలీ పెంట్రీత్ అనే చేపలమ్మే ఆవిడని ఆ భాష పుట్టుకతో మాట్లాడిన చివరి మనిషిగా చెప్పుకుంటారు. తర్వాత పుస్తకాల్లోంచి దాన్ని మళ్లీ లేపి నేర్చుకుంటున్నారు. కార్న్‌వాల్‌లో రాగి, తగరం గనులు ఎక్కువ. 1866లో రాగి ధర పడిపోయాక గని పనివాళ్లు కుటుంబాలతో సహా వలస పోయారు. అంతకు ముందే, 1861లో, అడిలైడ్‌కి రెండు గంటల దూరంలో మూంటా అనే చోట రాగి పడింది. అన్నయ్యగారి ముత్తాత అలా వచ్చినవాడే. (ఆయన్ని అన్నయ్యగారూ అని, ఆవిణ్ణి వదినగారూ అని పిలుస్తాను. పెళ్లయిన కొత్తలో నేర్పాను. ఇద్దరూ చక్కగా పలుకుతారు.)

భూమిలో ఎక్కడ గొయ్యి కనబడినా అడుగున ఒక కార్నిష్‌వాడు ఉంటాడని వాళ్లలో ఒక నానుడి ఉందట. ఆయన అది చెప్పినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. మాది కుప్పం దగ్గర పల్లె. తాత కోలారు బంగారు గనుల్లో చేశాడు. 1880 నుంచి ఆ గనుల్ని నడిపిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కార్న్‌వాల్ నుంచే పని తెలిసినవాళ్లని తెప్పించుకునేది. గని పెద్దని తాత "కెప్టెన్ దొర" అనేవాడు. మిలిటరీ మనిషేమో అనుకునేదాన్ని. కార్నిష్ గనుల్లో పై మేస్త్రీని కెప్టెన్ అనే అంటారని నాకు అరవై ఏళ్లకి తెలిసింది.

బారసాలైన మర్నాడు అన్నయ్యగారు ఒక పాత బైబిలు తెచ్చారు. దాని మొదటి పేజీలో పుట్టిన తేదీలు రాసి ఉన్నాయి. అన్నిటికన్నా పైన ముత్తాత పేరు, 1839, కాంబోర్న్ అనే ఊరి పేరు. "నా కళ్లకి ఆపరేషన్ అయింది, స్క్రీన్ చూడలేను. నువ్వు రాత్రుళ్లు ఎలాగూ పిల్లతో మేలుకునే ఉంటావు. ఈయనకి పైన ఎవరున్నారో వెతికి పెట్టమ్మా. చార్టు రాసి పిల్ల గదిలో పెడదాం" అన్నారు. పేరు ఇక్కడితో ఆగిపోతుందంటే, మొదలైనా తెలిసి ఉండాలని ఆయన కోరిక. నాకు కంప్యూటర్లో తెలిసిన విద్య కరెంటు బిల్లు కట్టడం, గ్యాస్ బుక్ చేయడం. సరేనన్నాను.

ముందు పేరుకి అర్థం పట్టుకున్నాను. నాకు అన్నిటికన్నా సరదా వేసింది అక్కడే. కార్నిష్ ఇంటిపేర్లు చాలావరకు మన ఇంటిపేర్లలాగే ఊళ్లలోంచి, పొలాల్లోంచి వచ్చినవి. ట్రె అంటే ఇల్లూ పొలమూ ఉన్న చోటు, మన పల్లె లాంటిది. పోల్ అంటే మడుగు. పెన్ అంటే తల, కొస. మన తలకోనలో తల లేదూ, అలాగ. పోల్‌గ్లేజ్ అనే ఇంటిపేరుకి నీలిమడుగు అని అర్థమట. వింటే మన కడప వైపు ఊరిపేరులా లేదూ? కార్న్‌వాల్ పడమటి వైపు ఈ ఇంటిపేర్లు స్థిరపడింది కూడా ఆలస్యంగానే. ఒక పొలం వదిలి ఇంకో పొలానికి పోతే పేరు మారిపోయిన రోజులున్నాయి.

ఆంగోవ్ మాత్రం ఊరు కాదు, పని. ఆన్ గోవ్ అంటే కమ్మరి. వాళ్లకి ఆ పేరుతో ఒక వీరుడు కూడా ఉన్నాడు. సెయింట్ కెవర్న్ అనే ఊరి కమ్మరి మైకేల్ జోసెఫ్. స్కాట్లండుతో యుద్ధం కోసం ఏడో హెన్రీ రాజు వేసిన పన్ను కట్టమని, 1497లో వేల మందితో లండన్ దాకా నడిచాడు. డెట్‌ఫోర్డ్ వంతెన దగ్గర ఓడిపోయారు, ఆయన్ని ఆ జూన్‌లోనే చంపించారు. ఆయన్ని ఆన్ గోఫ్ అనే పిలుస్తారు. అన్నయ్యగారి ఇంట్లో తరతరాలుగా చెప్పుకునేది, మేం ఆయన వంశం అని.

ఆ మాట విన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. కమ్మరి లేని ఊరు ఉంటుందా? ఊరికో కమ్మరి ఉంటే ఊరికో ఆంగోవ్. మన దగ్గర ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో కనిపించడం లేదూ? ఆ పెద్దాయన ఉత్సాహం మీద నీళ్లు పోయడం ఎందుకని ఊరుకున్నాను.

ఇక వెతకడం. ఇంగ్లండులో 1837 జూలై 1 నుంచి పుట్టుకలు, చావులు, పెళ్లిళ్లు ప్రభుత్వమే నమోదు చేస్తోంది. అంతకు ముందువి చర్చి పుస్తకాల్లో ఉంటాయి. కార్న్‌వాల్‌లో ఎవరో పుణ్యాత్ములు డబ్బు తీసుకోకుండా ఆ చర్చి పుస్తకాలన్నీ చూసి టైపు చేసి పెట్టారు. రాత్రి మూడింటికి పిల్లని భుజం మీద వేసుకుని, ఒక చేత్తో ఫోను పట్టుకుని అవన్నీ చదివేదాన్ని. ఒక్కో పేరూ పదిమందికి ఉంటుంది. ఒకళ్లనుకుని ఇంకొకళ్ల వెంట రెండు రాత్రులు వృథాగా తిరిగాను.

మూడో రాత్రి ముత్తాత దొరికాడు. ఆ ప్రభుత్వ జాబితాలో పిల్లవాడి పేరు పక్కన తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. ఈయనకి ఎదురుగా ఆ గడిలో చిన్న గీత ఉంది. గుమస్తా రాయడం మరిచిపోయాడనుకున్నాను. తర్వాత అర్థమైంది. తల్లి ఇంటిపేరే బిడ్డ ఇంటిపేరైతే అక్కడ గీత పెడతారు. అంటే ఆవిడకి పెళ్లి కాలేదు. డబ్బు కట్టి సర్టిఫికెట్ తెప్పిస్తే తండ్రి పేరు, తండ్రి వృత్తి, రెండూ ఖాళీ. సంతకం దగ్గర తల్లి ఇంటూ గుర్తు పెట్టింది.

ఆంగోవ్ అన్నది ఆవిడ పుట్టింటి పేరు.

అప్పటి జనాభా లెక్కల్లో ఆవిణ్ణి వెతికాను. 1841లో పుట్టింట్లో ఉంది, రెండేళ్ల పిల్లాడితో. పెద్దవాళ్ల వయసు ఐదుకి తగ్గించి రాసేవారు అప్పుడు, ఆవిడకి ఇరవై అని ఉంది. వృత్తి గడి ఖాళీ. 1851లో మాత్రం "రాగి గనిలో పని" అని రాశారు. ఇలాంటి ఆడవాళ్లని బాల్ మెయిడెన్స్ అనేవారట. నేను ముందు బంతి అనుకున్నాను. కార్నిష్‌లో బాల్ అంటే గని. లోపలినుంచి పైకి వచ్చిన రాళ్లని సుత్తులతో పగలగొట్టి, మంచి రాయీ పనికిరాని రాయీ వేరుచేయడం వాళ్ల పని. ఎండకీ వానకీ తలమీద తెల్లటి గుడ్డ టోపీ. 1842లో ఆడవాళ్లు గనిలోకి దిగకూడదని చట్టం వచ్చింది గానీ వీళ్లది పైన పని కాబట్టి అలాగే సాగింది. ఇంకో చట్టం చూస్తే నాకు కడుపు మండింది. 1834లో పేదల చట్టం మార్చి, పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ భారమంతా తల్లిదే అన్నారు. బిడ్డ తండ్రి మీద కోర్టుకి వెళ్లే హక్కు తల్లికి 1844లో గాని రాలేదు. ఈ బిడ్డ పుట్టింది 1839లో.

1853లో ఆవిడ భార్య పోయిన ఒకాయన్ని పెళ్లి చేసుకుంది. అక్కడితో ఆవిడ ఆంగోవ్ కాకుండా పోయింది. పద్నాలుగేళ్ల కొడుకు ఆంగోవ్‌గానే మిగిలాడు, ఆ పేరు పట్టుకునే ఓడెక్కాడు.

నిజం చెప్పాలి. ఇది తెలిశాక మూడు రోజులు నేను అబద్ధమాడాను. "సైటు తెరుచుకోవడం లేదన్నయ్యగారూ" అన్నాను. నా చిన్నప్పుడు మా వీధిలో ఒక పిల్లని ఆరు నెలలు వాళ్ల అత్తవాళ్ల ఊరికి పంపించారు. తిరిగొచ్చాక ఆ పిల్లని ఎవరూ పేరుపెట్టి పిలవలేదు. మా అమ్మ నన్ను వాళ్లింటి వైపు వెళ్లనివ్వలేదు, నేనూ వెళ్లలేదు. ఆ భయమే నాలో ఇంకా ఉన్నట్టుంది. డెబ్బై దాటిన మనిషికి నీ వంశం మొదట్లో తండ్రి లేడని వియ్యపురాలు చెప్పడమేమిటి!

వదినగారికి చెప్పాను, వంటింట్లో. ఆవిడ పాస్టీలు చేస్తున్నారు. మన కజ్జికాయ ఆకారమే, అరచేయంత ఉంటుంది. గని పనివాళ్లు మధ్యాహ్నానికి పట్టుకెళ్లేవారట. మామూలుగా మాంసం పెడతారు, నాకోసం ఆలుగడ్డ, ఉల్లిపాయ పెట్టినవి వేరే చేశారు. అంచు మడవడం నేను చేస్తానన్నాను, అది మనకి వచ్చిన విద్యే కదా. మడతలు వేస్తూ, ఆవిడ మొహం చూడకుండా అంతా చెప్పేశాను.

ఆవిడ చేతులు తుడుచుకున్నారు. "అయితే ఆ పేరు ఒకసారి ఆడపిల్ల చేతిలోంచే వచ్చిందన్నమాట" అన్నారు. కాసేపాగి, "ఆయనకి నేను చెప్పను. మొదలుపెట్టింది నువ్వు, నువ్వే చెప్పు" అన్నారు.

చెప్పాను. అన్నయ్యగారు కళ్లజోడు తీసి, పెట్టుకుని, సర్టిఫికెట్లో ఆ గుర్తు పెద్దది చేసి చూపించమన్నారు. "ఇది ఆవిడ చేత్తో పెట్టిందేనా?" అని అడిగారు. అవునన్నాను. లేచి పెరట్లోకి వెళ్లి, పొద్దున్నే తడిపిన మొక్కలకి మళ్లీ నీళ్లు పెట్టారు. రెండు రోజులు మా వైపు రాలేదు. మా అమ్మాయి నా మీద విసుక్కుంది, "ఎందుకమ్మా నీకివన్నీ" అని. నాకూ అదే అనిపించింది.

మూడో రోజు చార్టు కాగితం చుట్టి చంకలో పెట్టుకుని వచ్చారు. అందరికన్నా పైన ఆవిడ పేరు పెద్ద అక్షరాలతో రాసి, పక్కన చిన్న సుత్తి బొమ్మ వేశారు. "కమ్మరి కూతురు కాకపోయినా సుత్తి పట్టింది కదా" అన్నారు. ఆన్ గోఫ్ ఊసు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వాళ్ల అక్కగారికి మాత్రం ఆయన ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. ఆవిడకి తొంభై దగ్గర. అది ఆయనిష్టం.

పిల్లకి ఇంటిపేరు ఆంగోవ్ అనే రాయించారు. పెద్దయ్యాక ఉంచుకుంటుందో మార్చుకుంటుందో దాని ఇష్టమని మా అల్లుడు అన్నాడు, అన్నయ్యగారు తలూపారు.

తర్వాత నా వంతు. చార్టుకి రెండోవైపు మనవాళ్లది రాయాలట. నా పుట్టింటి వైపు నాన్న, తాత, ముత్తాత, ఆయన తండ్రి గడగడా చెప్పాను. అమ్మ పుట్టింటి పేరు చెప్పాను. "మీ అమ్మమ్మ పుట్టింటి పేరు?" అని పెన్సిలు పట్టుకుని కూర్చున్నారాయన. నాకు తెలీదు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. రేషన్ కార్డు మీద ఆవిడ వేసిన వేలిముద్ర ఇంకా కళ్లముందే ఉంది. పుట్టింటి పేరేమిటో ఒక్కసారీ అడగలేదు.

కుప్పంలో పిన్నికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఇక్కడ రాత్రి తొమ్మిది, అక్కడ సాయంత్రం.

"ఎందుకు మే ఇప్పుడు? ఆస్తేమన్నా వస్తాదా?" అంది పిన్ని.

ఆస్తి కాదన్నాను.

"కాయితాల్లో ఏముండాదో నాకు తెలీదు. ఊర్లో మాయమ్మోళ్లని బావింటోళ్లు అనేవాళ్లు. ఇంటి ముందర బావి. ఇప్పుడు పూడ్చేసినారు."

ఇంగ్లీషులో చెప్పాను, బావి ఉన్న ఇంటివాళ్లు అని. అన్నయ్యగారు తన కార్నిష్ నిఘంటువు తిరగేసి, మా భాషలో బావిని, ఊటని ఫెంటెన్ అంటారు, ఊరిపేర్లలో అది వెంటన్ అయిందని చెప్పి, గడి నా ముందుకు జరిపారు. తెలుగులోనే రాయమన్నారు. బావింటివాళ్లు అని రాశాను.

"ఆ మాట్లాడేదెవరు?" అంది పిన్ని.

"నా వియ్యంకుడు పిన్నీ."

"వాళ్లింటిపేరేంది?"

"కమ్మరోళ్లు పిన్నీ."

"అట్నా" అంది పిన్ని. "మనూర్లో కమ్మరాయప్ప ఉండె కదా, కొడవలి ఆయనే చెయ్యాల. ఆయన్ని అడుగు, వీళ్లూ బాగా చేస్తారా?"