భాష మరచినా కలిమా మరువలేదు

ఐరోపా యాత్ర అనగానే ప్యారిస్, రోమ్, లండన్ నగరాలే మన కళ్ళ ముందు మెదులుతాయి. బస్సు ఆగిన చోటల్లా దిగి, ఫోటోలు తీసుకుని, మళ్ళీ ఎక్కడమే యాత్ర అన్నట్లుగా మారిపోయింది. మేము ఆ దారి విడిచిపెట్టాము. నేను, నా శ్రీమతి, ఇద్దరు పిల్లలు, దారి తెలిసిన స్థానిక డ్రైవరు, మొత్తం ఐదుగురమే. పోలెండ్ ఈశాన్య భాగంలోని బియాలిస్టోక్ నగరం నుండి బెలారస్ సరిహద్దు వైపు అడవుల మధ్యగా సాగిన మా కారు క్రుషినియాని అనే చిన్న పల్లెలో ఆగింది.

చెట్ల నీడలో ఆకుపచ్చ రంగు వేసిన కలప కట్టడం. రెండు బురుజులు, వాటిపై నెలవంకలు. అది మస్జిద్! చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాము. కలప మిహ్రాబ్, మింబర్, గోడలపై అరబ్బీ ఆయతుల పటాలు, స్త్రీల కొరకు ప్రత్యేకమైన గది. మేము రెండు రకాతుల నమాజు చేసుకున్నాము.

ఈ పల్లె ముస్లిములు తాతార్ జాతివారు. వీరి పూర్వీకులు 14వ శతాబ్దం నుండి లిథువేనియా, పోలెండ్ ప్రాంతాలకు వచ్చి స్థిరపడ్డారు. యుద్ధాలలో పాల్గొన్న తాతార్ సైనికులకు జీతపు బకాయిలకు బదులుగా 1679లో రాజు మూడవ జాన్ సోబియెస్కీ ఇక్కడ భూములిచ్చాడు. శతాబ్దాల క్రితమే వారు తమ మాతృభాషను మరచిపోయారు. ఇరుగుపొరుగుల పోలిష్, బెలారస్ భాషలే వారి భాషలయ్యాయి. అయినా ధర్మాన్ని వదలలేదు. ఆ భాషలనే అరబ్బీ లిపిలో వ్రాసుకుని, ధర్మబోధలను ‘కితాబు’లనే చేతివ్రాత గ్రంథాలలో పదిలపరచుకున్నారు.

ఇది విన్నప్పుడు మన ఇళ్ళు గుర్తుకు వచ్చాయి. పిల్లలకు ఉర్దూ చదవడం రావడం లేదని మన పెద్దలు దిగులుపడుతుంటారు. ఆ దిగులు సహజమే. కాని ధర్మాన్ని పిల్లలకు అర్థమయ్యే భాషలో అందించే బాధ్యత అంతకన్నా పెద్దదని ఆ పల్లె మాకు నేర్పింది.

మధ్యాహ్నం పలుచని పిండిపొరల మధ్య మాంసం పెట్టి చుట్టి కాల్చే తాతార్ల వంటకం పెరెకాచెవ్నిక్ రుచి చూసి, మరొక తాతార్ పల్లె బొహోనికి వెళ్ళాము. అక్కడి చిన్న కలప మస్జిద్‌ను చూసిన తరువాత ఊరి వెలుపలి ఖబ్రస్తాన్‌కు నడిచాము. దానిని వారు ‘మిజార్’ అంటారు. పాత సమాధులకు కొంత ఎడంగా కొన్ని కొత్త సమాధులున్నాయి. 2021లో బెలారస్ వైపు నుండి సరిహద్దు దాటబోయి ఎందరో శరణార్థులు చలికి, ఆకలికి చిక్కుకున్నారు. వారిలో నదిలో మునిగి మరణించిన 19 ఏళ్ళ సిరియా యువకునికి ఆ నవంబరులో ఈ ఊరి ముస్లిములే జనాజా నమాజు చేసి, ఇక్కడ ఖననం చేశారు. తరువాత మరికొందరికీ ఇక్కడే చోటిచ్చారు.

“అబ్బా, ఆయన వీళ్ళకు ఏమవుతారు?” అని మా అమ్మాయి అడిగింది.

“చుట్టం కాదమ్మా. కాని ఒక ముస్లిముపై మరొక ముస్లిముకు ఉన్న హక్కులలో జనాజా వెంట నడవడం ఒకటి. ఆ హక్కును వీరు నెరవేర్చారు.”

తల్లిదండ్రులు రాలేకపోయిన ఆ సమాధి వద్ద నలుగురమూ చేతులెత్తి దుఆ చేశాము. మా డ్రైవరు ముస్లిం కాదు. అయినా టోపీ తీసి, మా దుఆ ముగిసేవరకు మౌనంగా నిలబడ్డాడు.