జీతం అడగడం అవిశ్వాసం కాదు

కొంచెం పొడుగు పోస్టు ఇది. పని అయ్యాక ఓపిగ్గా చదవండి.

మేము కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ కువైట్‌లో ఇళ్ళల్లో పని చేసుకునేవాళ్ళం. వంట, పిల్లలు, డ్రైవింగ్. శుక్రవారం సెలవు దొరికినవాళ్ళం చర్చికి పోతాం. దొరకనివాళ్ళు గిన్నెలు తోముతూ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆరాధన వింటారు. అలా వినేవాళ్ళలో ఒక చెల్లికి ఐదు నెలలుగా జీతం లేదు. మేడంని అడిగితే వచ్చే నెల అంటుంది. గట్టిగా అడిగితే పరారీ కేసు పెడతామంటారు. ఊళ్ళో అప్పుకి వడ్డీ మాత్రం ఏ నెలా ఆగదు.

ఆ చెల్లి గ్రూపులో ప్రార్థన చెయ్యమని అడిగితే, ఇది దేవుని పరీక్ష, ఓర్చుకో అని కొందరు రాశారు. నీలో ఏదైనా పాపం ఉందేమో చూసుకో అని ఇంకొకరు. మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ బైబిల్లో ఇలా మాట్లాడింది యోబు స్నేహితులు. ఏడు రోజులు నోరు మెదపకుండా యోబు పక్కన నేలమీద కూర్చున్నంతసేపూ వాళ్ళు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే పాడుచేశారు. చివరికి దేవుని కోపం ఆ ముగ్గురి మీదికే వచ్చింది. ఏడ్చి, నిలదీసి, న్యాయం అడిగిన యోబే సరిగ్గా మాట్లాడాడని దేవుడు అన్నాడు.

జీతం సంగతి దేవుడికి చిన్నది కాదు. యాకోబు లాబాను దగ్గర ఇరవై ఏళ్ళు పని చేస్తే, లాబాను పదిసార్లు జీతం మార్చాడు. ఊళ్ళో ఏజెంటు చెప్పింది ఒకటి, ఇక్కడ చేతికొచ్చింది ఒకటి అయిన మనకి ఆ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. యాకోబు ఎండ, చలి, నిద్రలేని రాత్రులు అన్నీ లాబాను ముఖం మీదే లెక్క చెప్పాడు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం కూలివాడు పరదేశి అయినా సరే, పొద్దు గుంకకముందే కూలి ఇచ్చెయ్యమంటుంది. కొత్త నిబంధనలో యాకోబు పత్రిక 5వ అధ్యాయం అయితే, ఎగ్గొట్టిన కూలే దేవుడికి మొర పెడుతుందంటుంది.

హాగరుని కూడా తలుచుకోండి. ఐగుప్తు నుంచి వచ్చిన దాసి. బాధలు పడలేక ఎడారిలోకి పారిపోతే, అక్కడ దేవుడు ఆమెని చూశాడు. కానీ తర్వాత అబ్రాహాము ఇంట్లోంచి పంపేసినప్పుడు ఆమెకి దక్కింది రొట్టె, నీళ్ళ తిత్తి. అన్నేళ్ళ చాకిరీకి అదే సెటిల్‌మెంట్! బైబిల్ ఈ సంగతి దాచిపెట్టలేదు.

అందుకే ప్రార్థన చేసి లేచాక కాగితం, పెన్ను తీసుకోమంటున్నాం. ఈ దేశంలో ఇంటి పనివాళ్ళ కోసమే 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికి ఒక రోజు సెలవు, రోజుకి 12 గంటలకి మించకుండా పని, ఏటా జీతంతో సెలవు, మానేసేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున డబ్బు అందులో ఉన్నాయి. 2016లో కనీస జీతం 60 దినార్లుగా పెట్టారు. జీతం వచ్చిన తారీఖులు రాసుకోండి. సివిల్ ఐడి, అగ్రిమెంటు ఫోటో తీసి ఊళ్ళో నమ్మకమైనవాళ్ళకి పంపండి. ఆ చెల్లి తారీఖులతో సహా అన్నీ రాసుకుంది. మాలో సెలవున్న ఇద్దరు ఎంబసీకి తోడు వెళ్తున్నారు.

ఫిర్యాదు చేసిన ప్రతివాళ్ళకీ న్యాయం దొరుకుతుందని మేము మాట ఇవ్వలేం. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. వెలుగు కనిపించని ఆ ప్రార్థనని కూడా బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. కాబట్టి జవాబు రాకపోయినా అడుగుతూనే ఉండేవాళ్ళకి విశ్వాసం తక్కువని ఎవరూ అనొద్దు.

రేపు ఎవరైనా జీతం రాలేదని రాస్తే, వెంటనే ఓర్చుకో అని పెట్టకండి. తిన్నావా అని అడగండి. ఎన్ని నెలలైంది, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది అని అడగండి. తర్వాత అందరం కలిసి ప్రార్థన చేద్దాం.