అణాకో దోమ



పాడేరులో డిగ్రీ చదివే మేము కొంతమందిమి ఆదివారాల్లో ఆశ్రమ పాఠశాలలకు వెళ్లి పిల్లలతో సైన్స్ చేయిస్తున్నాం. ల్యాబ్ లేకుండా ఎలా అని అడుగుతుంటారు. ఈసారి మాకు కావాల్సి వచ్చింది ఖాళీ నీళ్ల సీసాలు, ఒక భూతద్దం, నాలుగు చుక్కల వంటనూనె. అంతే.

మలేరియా పాఠం తీసుకున్నాం. ఏజెన్సీలో జ్వరం ఎరగని ఇల్లు ఏది? పిల్లలే రెండు రకాల నీళ్లు పట్టుకొచ్చారు. గెడ్డ పక్కన నిలిచిన తేట నీళ్లు, బాత్రూముల వెనక మురుగు. రెండింట్లోనూ దోమ పిల్లలే. మురుగులోవి తల కిందకు వేసి ఏటవాలుగా వేలాడుతున్నాయి. గెడ్డ నీళ్లలోవి మాత్రం పైన అడ్డంగా పడుకున్నట్టు ఉన్నాయి. ఆ పడుకున్నవే అనాఫిలిస్, మలేరియా మోసే రకం. "ఇంత తేట నీళ్లలోనా!" అని ఒక పాప నమ్మలేదు. భూతద్దం ఇచ్చి మళ్లీ చూసుకోమన్నాం.

ఒక సీసాలో నూనె చుక్కలు వేసి, రెండోది అలాగే ఉంచాం. భోజనాలు చేసి వచ్చేసరికి నూనె సీసాలో కదలిక దాదాపు ఆగిపోయింది. ఎందుకో మేము చెప్పలేదు. "పైకొస్తేనే వాటికి గాలి, దారి మూసేశాం" అని వాళ్లే తేల్చారు. (సీసా మూతికి గుడ్డ కట్టండి, లేదంటే బడిలో దోమలు పెంచినట్టవుతుంది!)

తర్వాత కథ. 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనే సైనిక డాక్టరు కూడా ఇలాగే దోమ పిల్లల్ని తెప్పించి పెంచాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటితో కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆగస్టు 20న అలాంటి ఒక దోమను కోసి చూస్తే, పొట్ట గోడలో మలేరియా క్రిమి కనబడింది. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది.

ఏడో తరగతి బాబు లేచాడు. ఈ ఏడు రెండుసార్లు జ్వరం పడ్డవాడు. "అణాలిచ్చారు సరే, మందిచ్చారా అన్నా?" అన్నాడు. మా సైన్స్ పుస్తకాల్లో ఈ ప్రశ్న ఎప్పుడూ చూడలేదు. బోర్డు మీద రాసి, దాని మీదే గంటసేపు మాట్లాడుకున్నాం.

చిన్న తరగతులకు ఇదే కథ కువిలో చెప్పాం. తెలుగులో అడిగితే తల దించుకునే పిల్లలు ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడారు.

వచ్చే ఆదివారం ముంచంగిపుట్టు వైపు వెళ్తున్నాం. ఆదివాసీ ఒరియా వచ్చినవాళ్లు ఇద్దరైనా కావాలి, మాలో ఎవరికీ రాదు. వచ్చేటప్పుడు సీసాలు తెండి. రంగువి వద్దు, లోపల కనబడదు.