తెర ముందటి ఆట

బ్యాండేజి బట్ట నేయు సత్రపట్టి మరమగ్గముల చప్పుడులో పెరిగిన మాకు ఆట యనగా చెడుగుడు, బిళ్లంగోడు. నేడు మా మనుమలు తెర యెదుట నిలిచి లేని బంతిని కొట్టుచున్నారు. 2006లో నింటెండో వారి ‘వీ’ యంత్రముతో ఈ వేడుక లోకమంతట వ్యాపించినది. 2010లో వచ్చిన మైక్రోసాఫ్టు ‘కినెక్టు’కు చేతిలో రిమోటు కూడ అక్కరలేకపోయినది, దాని తయారీ 2017లో నిలిచిపోయినది.

ఇది వ్యాయామమేనా? కూర్చుండి ఆడు వీడియో ఆటకంటె దీనికి శక్తి ఎక్కువ ఖర్చగుననియు, నిజమైన క్రీడకు మాత్రము సాటిరాదనియు 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన పరిశోధన తేల్చినది. కారణము మాకు కంటికే కనబడినది. మణికట్టు విదిలించిన చాలును, బంతి ఎగురును. తెరమీది బొమ్మ తానే పరుగెత్తును. అయినను మండుటెండల మధ్యాహ్నము కదలక కూర్చుండుటకంటె ఇది మేలే.

మాకు వేరొక చింత కలదు. బడిలో తమిళమును, ఆంగ్లమును చదువు మా పిల్లలకు తెలుగు మిగిలినది ఇంటను, ఆటలోను. చెడుగుడు బరిలో కేక, తగవు, రాజీ అన్నియు తెలుగే. తెర చేతి కదలికను లెక్కించును గాని, తగవుకు రాదు. కనుక ఎండవేళ తెర, సాయంకాలము వీధి అని మా యింట కట్టుబాటు చేసికొంటిమి. తెర ముందైనను ఇద్దరు కలిసి ఆడవలెను. గెలుపోటముల వాదము తెలుగుననే సాగవలెను.