కోయాసాన్ కొండ మీద అకారం

జపాన్ ఆధ్యాత్మికత అనగానే మనవాళ్లకి జెన్ గుర్తొస్తుంది. ఇసుకలో దువ్విన గీతలు, ఖాళీ గది, మూలన ఒకే ఒక్క పువ్వు. వకయామా ప్రాంతంలోని కోయాసాన్ కొండెక్కితే ఆ అభిప్రాయాన్ని కొంత సవరించుకోక తప్పదు. ఇక్కడి షింగోన్ బౌద్ధులకి బొమ్మ కావాలి, రంగు కావాలి, అక్షరం కావాలి. ముందు ఎదురుగా పెట్టుకుని తనివితీరా చూడాలి, ఆ తర్వాత అదే బొమ్మను మనసులో కట్టుకోవాలి.

ఒసాకాలోని నంబా స్టేషన్లో రైలెక్కి గొకురాకుబషిలో దిగాం, నేనూ, అక్కడే ఉద్యోగం చేసుకుంటున్న మా వదినా. అక్కణ్ణుంచి కేబుల్ కారు. 800 మీటర్ల ఎత్తున, శిఖరాల నడుమ, 117 గుళ్లున్న ఊరు. యాభైకి పైగా గుళ్లలో యాత్రికులకి బస కూడా ఉంది. భోజనంలో ఉల్లీ వెల్లుల్లీ ఉండవు. నువ్వులతో చేసే గొమాదోఫు మాత్రం మళ్లీ మళ్లీ అడిగి తినాలనిపించింది. ఈ కొండ మీదికి ఆడవాళ్లు రాకూడదన్న నిషేధాన్ని ప్రభుత్వం ఎత్తేసింది 1872లో. అంతకు ముందైతే మా ఇద్దరినీ పొలిమేరలోని న్యోనిన్‌దో అనే ఆడవాళ్ల మందిరం దగ్గరే ఆపేసేవారు.

ఈ కొండను 816లో సాగా చక్రవర్తి కూకాయ్ అనే భిక్షువుకి ఇచ్చాడు. కూకాయ్ 804లో చైనా వెళ్లి, చాంగాన్ నగరంలో హుయిగువో దగ్గర మంత్రవిద్య, మండలవిద్య నేర్చుకున్నాడు. అక్కడే ఉన్న ప్రజ్ఞుడనే భారతీయ భిక్షువు దగ్గర సంస్కృతం చదివాడు. 806లో తిరిగొచ్చి, వెంట తెచ్చిన గ్రంథాలకీ పటాలకీ జాబితా రాసి ఆస్థానానికి సమర్పించాడు. ఈ బోధ మరీ లోతైనది, రాతకి అందదు, బొమ్మల సాయం లేనిదే తెలియనివాళ్లకి తెలియజెప్పలేం అన్నది అందులోని సారాంశం. రాత చాలదన్న ఈయనే జపాన్ లెక్కించే ముగ్గురు మహా లేఖకుల్లో ఒకడు కావడం తమాషాగా ఉంటుంది.

ఆయన మాటకి అర్థమేమిటో కొంపోన్ దైతో గోపురంలోకి అడుగుపెడితే తెలుస్తుంది. ఇప్పుడున్న ఎర్రటి కట్టడం 1937 నాటిది. మధ్యన బంగారు ఛాయలో మహావైరోచన బుద్ధుడు, చుట్టూ మరో నలుగురు బుద్ధులు, పదహారు స్తంభాల మీద దోమోతో ఇన్షో చిత్రించిన పదహారు మంది బోధిసత్త్వులు. గోడకి వేలాడే మండలం ఇక్కడ లేచి నిలబడింది, మనం దాని లోపల తిరుగుతాం. మూలల్లో గురుపరంపర చిత్రాలున్నాయి. వాటిలో నాగార్జునుడూ ఉన్నాడు. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తలుపులు తెరిచి ఈ విద్యను లోకానికి తెచ్చింది ఆయనేనని షింగోన్ వాళ్ల నమ్మకం. ఆ స్తూపం మన అమరావతిదే కావచ్చని ఊహించిన పండితులున్నారు. ఊహే అనుకోండి. అయినా కృష్ణ ఒడ్డున పుట్టినదాన్ని, ఆ మూల నుంచి ఓ పట్టాన కాలు కదల్లేదు.

మధ్యాహ్నం కొంగోబుజి గుడిలో అజికాన్‌కి కూర్చున్నాం. అజికాన్ అంటే అకార ధ్యానం. ఎదురుగా ఒక పటం: తెల్లని చంద్రబింబం, అందులో తామర, తామర మీద సిద్ధం లిపిలో బంగారు రంగు అకారం. మన దేశంలో ఎప్పుడో వాడుక తప్పిపోయిన ఈ లిపి జపాన్ గుళ్లలో ఇంకా రాస్తున్నారు. చూడగానే నాగరి అకారానికి పెద్దమ్మలా అనిపించింది. క అన్నా, గ అన్నా లోపల అకారం పలుకుతుందని మనకి చిన్నప్పుడే తెలుసు. షింగోన్ వాళ్లు ఆ సంగతినే లోకమంతటికీ వర్తింపజేశారు. అన్నిటిలోనూ ఉండి, పుట్టుకంటూ లేనిదానికి అది గుర్తు.

భిక్షువు చెప్పింది చెప్పినట్టు వదిన ముందే తెలుగులో వినిపించింది. ఎడమ చేతి మీద కుడి చెయ్యి, బొటనవేళ్లు తాకీ తాకనట్టు, కళ్లు సగం మూసి. మొదట ఊపిరి లెక్కపెట్టడం, తర్వాత ఊపిరి వదుల్తూ ‘ఆ’ అని దీర్ఘంగా పలకడం. ఆపైన పటంలోని చంద్రుణ్ణి గుండెల్లోకి తెచ్చుకోవాలి, దాన్ని గది నిండేలా, కొండ నిండేలా, ఆకాశం పట్టనంతగా పెంచాలి. చివర్లో మళ్లీ మొదటి కొలతకి కుదించి తెచ్చుకోవాలి. పెంచడం తేలికే. కుదించేటప్పుడే బింబం చెదిరిపోతోంది. పైగా దాని మధ్య వచ్చి కూర్చున్నది సిద్ధం అకారం కాదు, పలక మీద దిద్దిన మన తెలుగు ‘అ’. తర్వాత ఈ మాట చెబితే భిక్షువు నవ్వనూ లేదు, తత్త్వం బోధించనూ లేదు. చేత్తో రాసి చూడమన్నాడు.

రాత్రి బసలో కుంచె, సిరా అడిగి తెచ్చుకున్నాను. సిద్ధం అక్షరాలు రాయడానికి చదునైన చెక్క కలం వాడే సంప్రదాయం కూడా ఉంది. మాకు దొరికింది మామూలు కుంచే. ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ తేలిగ్గా లాగాలో, చివర ఎలా తిప్పి ఎత్తాలో మణికట్టుకి పట్టుబడేసరికి కాగితాల కట్ట అయిపోయింది. అప్పుడు కళ్లు మూసుకుంటే అక్షరం నిలిచింది, గీత తర్వాత గీతగా. చూపు పట్టుకోలేనిదాన్ని చెయ్యి పట్టుకుంది. లేఖనాన్నీ ధ్యానాన్నీ ఈ కొండ మీద ఎందుకు విడదీయరో అప్పుడే అర్థమైంది.

కళ్లకి గంత కట్టే తంతు కూడా ఇక్కడ ఉంది. ఏటా మే నెలలో, అక్టోబరులో జరిగే కెచియెన్ కంజో దీక్షలో గంత కట్టుకుని మండలం మీద పువ్వు వదలాలి. అది ఎవరి మీద పడితే ఆ దేవతతో బంధం. చాంగాన్‌లో రెండు దీక్షల్లో కూకాయ్ వదిలిన పువ్వు రెండుసార్లూ మహావైరోచనుడి మీదే పడిందట.

ఓకునోయిన్ శ్మశానంలో రెండు కిలోమీటర్ల దారి, దేవదారుల్లాంటి మహా వృక్షాలు, రెండు లక్షలకి పైగా సమాధులు. వాటిలో ఐదంతస్తుల రాళ్లు చాలా కనిపిస్తాయి. అడుగున చదరం భూమి, దాని మీద గోళం నీరు, ఆపైన నిప్పు, గాలి, ఆకాశం. వరసగా అ, వ, ర, హ, ఖ బీజాలు. మన తంత్రంలో లం, వం, రం, యం, హం కదా, మధ్యలో రెండు కలిశాయి.

దారి చివర కూకాయ్ మందిరం. ఆయన 835లో చనిపోలేదని, ధ్యానంలో ఉన్నాడని ఇక్కడివాళ్ల విశ్వాసం. రోజూ ఉదయం ఆరింటికి, పదిన్నరకి భోజనం తీసుకెళ్తారు. పదిన్నర వేళకి మేమూ దారి పక్కన నిలబడ్డాం. తెల్లటి చెక్కపెట్టె మోసుకుంటూ వచ్చిన భిక్షువులు ఆ భోజనాన్ని ముందు రుచి చూస్తాడనే జిజో బోధిసత్త్వుడి విగ్రహం దగ్గర ఆగి, తర్వాత వంతెన దాటారు. లోపలికి వెళ్లి వడ్డించే పెద్ద భిక్షువు అక్కడ ఏం చూస్తాడో బయట చెప్పడు. మనసులో బొమ్మ కట్టుకోవడమంటే ఒక ఊరు ఊరంతా కలిసి చేసేది కూడా అని ఆ పెట్టె చూశాకే తోచింది. ఇందులో లాంఛనమే ఎక్కువేమో అన్నాను వదినతో. “లాంఛనమైతే రోజూ ఒకటే వండేవాళ్లు. ఈయనకి అప్పుడప్పుడు పాస్తా కూడా పెడతారట” అంది.